ముందొచ్చినవాడికి ప్రైజు రాలేదు: తొలినాటి కార్ రేసుల గొడవలు

(పోయిన నెల మా ఊరి గ్రంథాలయంలో మాట్లాడిన మాటలివి. ఒక మిత్రుడు ఫోనులో రికార్డు చేసి పంపితే విని టైపు చేశాను. మధ్యలో కరెంటు పోయినప్పుడు మాట్లాడుకున్న కబుర్లు తీసేశాను, మిగతాది అలాగే ఉంచాను.)

వెనక వరసలో వినపడుతోందా? సరే, మొదలుపెడతాను. ముందే ఒక మాట చెప్పేస్తాను, నాకు కార్ రేసులు నడపడం తెలియదు, స్కూటరు మీద ఎవరైనా వెనక కూర్చుంటేనే నాకు టెన్షన్. పాత కథలు చదవడం ఇష్టం, అంతే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగింది, గుర్తుందా? జనానికి గుర్తున్నది రేసు కన్నా ట్రాఫిక్ అనుకోండి. ఆ రోజు గెలిచింది జాన్ ఎరిక్ వేర్న్ అనే ఫ్రెంచ్ డ్రైవరు. ఊరి రోడ్లు మూసేసి రేసు పెట్టడమేంటి, చప్పుడు లేని కరెంటు కార్లేంటి, అంతా కొత్తగా ఉందని మనవాళ్లు అనుకున్నారు. నిజానికి రెండూ ముత్తాతల కాలం నాటివే. రోడ్డు మీద ఒక బండి మొదటిసారి గంటకు 100 కిలోమీటర్లు దాటింది 1899 ఏప్రిల్ 29న, పారిస్ దగ్గర అషేర్‌లో. అది కరెంటు బండే. ఫిరంగి గుండులా ఉండే ఆ బండిని నడిపినవాడు కమీల్ జెనాట్జీ అనే బెల్జియం వాడు, గడ్డం ఎర్రగా ఉండేది కాబట్టి అందరూ ఎర్ర దెయ్యం అనేవాళ్లు. ఇతను మళ్లీ వస్తాడు, పేరు గుర్తుపెట్టుకోండి.

ఇవాళ నేను చెప్పబోయేది వేగం గురించి పెద్దగా కాదు. ఈ రేసుల చరిత్ర చదువుతుంటే నాకు ఒక్కటే నవ్వొచ్చింది, మొదటి రోజు నుంచీ గొడవంతా రూల్సు దగ్గరే. మన సంక్రాంతి బండలాగుడు పోటీల్లో రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం అని పెట్టి, చివరికి ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టే దగ్గర ఎంత రభస జరుగుతుందో చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

మొదటి పోటీ 1894 జులై 22న, పారిస్ నుంచి రూవాన్ అనే ఊరికి, 126 కిలోమీటర్లు. పెట్టింది ల పెతీ జుర్నాల్ అనే పత్రిక. రేసు అని కూడా అనలేదు వాళ్లు, గుర్రాల్లేని బండ్ల పోటీ అన్నారు. ఎవరు ముందొచ్చారన్నది కాదట లెక్క, ప్రమాదం లేకుండా, నడపడానికి తేలిగ్గా, ఖర్చు తక్కువగా ఉండే బండికి ప్రైజు. 102 మంది పేర్లిచ్చారు. ఆ జాబితా చూస్తే సరదాగా ఉంటుంది, గాలి ఒత్తిడితో నడిచేది, లోలకంతో నడిచేది, బరువుతో దానంతటదే నడిచేది అంటూ ఎవరికి తోచింది వాళ్లు రాసిచ్చారు. చివరికి బయలుదేరినవి 21. అన్నీ పెట్రోలువో ఆవిరివో. మధ్యలో మాంత్ అనే ఊళ్లో ఆగి భోజనం చేశారు, తిన్నాక మళ్లీ బయలుదేరారు. రేసు మధ్యలో భోజనం! ఫ్రెంచివాళ్లు కదా.

రూవాన్‌కి అందరికన్నా ముందు చేరింది కౌంట్ ద దియోన్. ఆయనది ఆవిరి బండి, ముందొక ఇంజను, వెనక తగిలించిన గుర్రబ్బండి లాంటి పెట్టె. సగటున గంటకు 19 కిలోమీటర్లు. కానీ మొదటి ప్రైజు ఆయనకి ఇవ్వలేదు. బాయిలర్‌లో బొగ్గు వెయ్యడానికి పక్కన ఇంకో మనిషి కావాలి, అలాంటి బండి నడపడానికి తేలిక ఎలా అవుతుందని న్యాయనిర్ణేతలు అడిగారు. మొదటి ప్రైజు ప్యూజో, పనార్-లెవాసోర్ కంపెనీలకు చెరి సగం పంచారు. నాకైతే ఆ తీర్పు సరిగ్గానే అనిపిస్తుంది. కౌంటు గారికి అనిపించలేదు.

ఆ మరుసటి ఏడాది, 1895 జూన్‌లో, పారిస్ నుంచి బోర్డో వెళ్లి మళ్లీ పారిస్ రావాలి, 1178 కిలోమీటర్లు. ఇది అసలైన రేసు. ఇక్కడ ఎమిల్ లెవాసోర్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆయనకప్పటికి యాభై దాటాయి. కంపెనీ యజమాని, తనే ఇంజనీరు, తనే డ్రైవరు. అప్పటి బండికి స్టీరింగు చక్రం లేదు, పడవ చుక్కానిలా ఒక కర్ర ఉంటుంది, దాన్ని పట్టుకుని తిప్పాలి. చక్రాలకు గాలి లేదు, గట్టి రబ్బరు. దీపాలు నూనె దీపాలు. ప్లాను ఏంటంటే రూఫెక్ అనే ఊళ్లో ఇంకో డ్రైవరు కాచుకుని ఉంటాడు, అక్కడ ఈయన దిగి పడుకుంటాడు. కానీ అనుకున్న వేళకన్నా చాలా ముందు, తెల్లారకముందే ఈయన అక్కడికి వచ్చేశాడు. ఆ రెండో డ్రైవరు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. లేపడానికి ఎవరికీ తీరిక లేదో, ఈయనకే ఓపిక లేదో, సరేలే నేనే పోతానని బోర్డో వెళ్లి, బండి తిప్పుకుని, తిరిగి పారిస్ వరకూ తనే నడిపాడు. మొత్తం 48 గంటల 47 నిమిషాలు. ఆయన వచ్చాక రెండో బండి రావడానికి దాదాపు ఆరు గంటలు పట్టింది. దిగి కాస్త సూపు, గుడ్లు, రెండు గ్లాసుల షాంపేన్ తీసుకున్నాడని చెబుతారు.

ప్రైజు ఎవరికి? ఆయనకి కాదు! (నవ్వులు) మొదటి ప్రైజు నాలుగు సీట్ల బండికే అని రూలు. లెవాసోర్ బండికి రెండే సీట్లు. ఆయన వచ్చిన 11 గంటల తర్వాత చేరిన పాల్ కెష్లిన్ అనే ఆయన ప్యూజోకి 31,500 ఫ్రాంకులు ఇచ్చారు. అయితే ఇవాళ ఆ కెష్లిన్ పేరు ఎవరికి తెలుసు? పారిస్‌లో పోర్ట్ మాయో దగ్గర రాతి శిల్పం ఉన్నది మాత్రం లెవాసోర్‌కే. పాపం తర్వాతి ఏడాది పారిస్-మార్సెయ్ రేసులో కుక్క అడ్డొచ్చి బండి బోల్తాపడింది, ఆ తర్వాతి సంవత్సరం ఆయన పోయాడు.

అదే రేసులో ఇంకో బండి ఉంది, మిషెలిన్ అన్నదమ్ములది. కారుకి గాలి టైర్లు వేసి రేసులో దిగిన మొదటి మనుషులు వీళ్లే. దారి పొడుగునా పంక్చర్లే. ట్యూబు మార్చడం, కాస్త దూరం పోవడం, మళ్లీ ఆగడం. అందరికన్నా చివర వచ్చారు. జనం నవ్వారు. కొన్నేళ్లు తిరిగేసరికి గట్టి రబ్బరు చక్రాలు రేసుల్లో కనపడకుండా పోయాయి.

ఇప్పటిదాకా ఇవన్నీ ఫ్రాన్సులో ఫ్రెంచివాళ్ల మధ్య జరిగినవే. దేశానికీ దేశానికీ మధ్య పోటీ అన్న ఆలోచన ఒక అమెరికన్‌ది. జేమ్స్ గోర్డన్ బెనెట్, న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక యజమాని. ఆఫ్రికాలో జాడ తెలియకుండా పోయిన లివింగ్‌స్టన్ అనే యాత్రికుణ్ణి వెతకమని విలేకరి స్టాన్లీని పంపింది ఈయన పత్రికే. పారిస్‌లో కాపురం, చేతినిండా డబ్బు, పత్రికకు ఎప్పుడూ ఒక వార్త కావాలి. 1899లో ఒక వెండి కప్పు చేయించి ఫ్రెంచ్ ఆటోమొబైల్ క్లబ్బు చేతిలో పెట్టాడు. రూల్సు ఇవి: పోటీ చేసేది కంపెనీలు కాదు, దేశాల క్లబ్బులు. ఒక్కో దేశానికి ఎక్కువలో ఎక్కువ మూడు కార్లు. కారులో ప్రతి భాగమూ ఆ దేశంలోనే తయారై ఉండాలి, టైరుతో సహా. గెలిచిన దేశం తర్వాతి రేసు జరపాలి. వినడానికి ఎంత చక్కగా ఉందో చూడండి. ఈ నాలుగు మాటల్లోనే తర్వాత జరిగిన తగాదాలన్నీ దాగున్నాయి.

1900లో మొదటి కప్పు రేసు, పారిస్ నుంచి లియోన్. వచ్చినవి మొత్తం ఐదు కార్లు. మూడు ఫ్రెంచివి, ఒకటి అమెరికా నుంచి వింటన్, బెల్జియం తరఫున మన ఎర్ర దెయ్యం. చివరిదాకా వచ్చినవి రెండు. గెలిచిన ఫెర్నాన్ షారోన్ పనార్ కారుకి దారిలో ఒక పెద్ద కుక్క అడ్డొచ్చి ముందు చక్రంలో ఇరుక్కుంది, కారు రోడ్డు దిగి పొలంలోకి పోయి మళ్లీ రోడ్డెక్కింది. ఇన్ని కుక్కలు ఎందుకొస్తున్నాయి కథలోకి అంటే, అవి ఊళ్ల మధ్య నుంచి పోయే మామూలు రోడ్లు మరి. కోళ్లు, మేకలు, గడ్డి బళ్లు, అన్నీ ఉంటాయి.

1901లో ఇంగ్లండు నుంచి సెల్విన్ ఎడ్జ్ నేపియర్ కారు తెచ్చాడు. కారు బరువుకి ఇంగ్లీషు టైర్లు ఆగలేదు, ఫ్రెంచి టైర్లు వేశాడు. ప్రతి భాగమూ స్వదేశీ అన్నారు కదా, పోటీ నుంచి తప్పించారు. ఎడ్జ్ ఊరుకునే రకం కాదు, 1902లో మళ్లీ వచ్చాడు. ఆ ఏడు కప్పు రేసుని పారిస్-వియన్నా రేసుతో కలిపి పెట్టారు, కప్పు లెక్క ఇన్స్‌బ్రుక్ వరకే. దారిలో ఆల్ప్స్ కొండలు, మధ్యలో స్విట్జర్లాండు వస్తే అక్కడ రేసు ఆపి మెల్లగా పోవాలి. ఫ్రెంచి కార్లు ఒక్కొక్కటే చెడిపోయాయి, ఫ్రాన్సు తరఫున నడిపిన ద క్నిఫ్ కారు ఇంకాస్త దూరంలో గెలుస్తుందనగా డిఫరెన్షియల్, అంటే ఇంజను శక్తిని రెండు చక్రాలకీ పంచే పళ్ల చక్రాల పెట్టె, విరిగింది. చివరికి మిగిలింది ఎడ్జ్ ఒక్కడే. కప్పు ఇంగ్లండుకి పోయింది. వియన్నా దాకా జరిగిన అసలు రేసు మాత్రం ఒక చిన్న తేలిక కారు గెలిచింది, నడిపినవాడు మార్సెల్ రెనో. రెనో కంపెనీ అన్నదమ్ముల్లో ఒకడు.

మార్సెల్ పేరు చెప్పాక ఇక 1903 మే 24 గురించి చెప్పక తప్పదు. పారిస్-మాడ్రిడ్ రేసు. వెర్సాయ్ నుంచి తెల్లవారుజామున మూడున్నరకు మొదటి కారు కదిలింది, ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి, కార్లూ మోటారు సైకిళ్లూ కలిపి రెండు వందలకు పైగా. దారి పొడుగునా లక్షల జనం. ఇక్కడొక విషయం బాగా అర్థం చేసుకోవాలి, రోడ్లకి తారు లేదు. మన పల్లెల్లో వేసవిలో లారీ పోయాక లేచే దుమ్ము ఉంటుంది చూశారా, దాన్ని గంటకు 120 కిలోమీటర్ల వేగంతో ఊహించుకోండి. ముందున్న కారుని దాటాలంటే ఆ దుమ్ములోకి గుడ్డిగా దూరాలి. రోడ్డు కనపడదు కాబట్టి రెండు పక్కలా ఉన్న చెట్ల కొసలు చూస్తూ, అవి ఎటు వంపు తిరిగితే రోడ్డు కూడా అటే తిరుగుతుందని నమ్మి నడిపేవాళ్లు. జనమేమో అంతకుముందెప్పుడూ అంత వేగం చూసినవాళ్లు కాదు, కారు వస్తోందంటే ముందుకొచ్చి చూసేవాళ్లు, దగ్గరికొచ్చాక పక్కకి దూకేవాళ్లు. ఆపేవాళ్లెవరు?

మార్సెల్ రెనో కుహే-వెరాక్ అనే ఊరి దగ్గర ముందున్న కారు దుమ్ములో మలుపు కనపడక కాలవలో పడ్డాడు, రెండు రోజులకి చనిపోయాడు. ఆయన తమ్ముడు లూయీ రెనో అదే రేసులో ముందు నడుపుతున్నాడు, బోర్డోకి అందరికన్నా ముందు చేరింది అతనే. జనం జేజేలు కొడుతుంటే అన్న సంగతి తెలిసింది. ఆ ఒక్క రోజులో పోటీదారులూ మెకానిక్కులూ చూసేవాళ్లూ కలిసి కనీసం ఎనిమిది మంది పోయారని లెక్క. ప్రభుత్వం రేసుని బోర్డోలోనే ఆపేసింది. ఇంజన్లు స్టార్ట్ చెయ్యడానికి కూడా ఒప్పుకోలేదు, కార్లను గుర్రాలతో లాగించి స్టేషనుకి చేర్చి, రైల్లో వేసి పారిస్ పంపించారు. అప్పటికి వేగంలో మొదటివాడు ఫెర్నాన్ గాబ్రియేల్, మోర్స్ కారు, 552 కిలోమీటర్లు ఐదుంపావు గంటల్లో. గంటకు 105 పడుతుంది సగటు. అంతమందిని దాటుకుంటూ, ఆ దుమ్ములో. ఇప్పుడు చదివినా నమ్మబుద్ధి కాదు నాకు.

ఊరి నుంచి ఊరికి పెట్టే పెద్ద రేసులు దాంతో ముగిసిపోయాయి. ఆరువారాలు కూడా గడవకముందే, జులై 2న, గోర్డన్ బెనెట్ కప్పు రేసు ఉంది. కప్పు ఇంగ్లండు చేతిలో ఉంది, అక్కడ జరగాలి, కానీ అక్కడ రోడ్డు మీద వేగం గంటకు 12 మైళ్లు మించకూడదని చట్టం. రేసెక్కడ పెడతారు? ఐర్లండులో పెట్టారు. దానికోసం పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. ఏథీ అనే ఊరి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో రోడ్లు మూసేసి, వేలమంది పోలీసుల్ని దింపి, ఊళ్లలోకి వచ్చినప్పుడు కారు ముందు ఒకడు సైకిల్ తొక్కుతూ దారి చూపిస్తే వాడి వెనక మెల్లగా పోవాలని పెట్టారు. మూసిన రోడ్ల మీద చుట్లు తిరిగే రేసు అందరికీ రుచించింది ఆ తర్వాతే. ఐర్లండు గౌరవార్థం ఇంగ్లీషు కార్లకి ఆకుపచ్చ రంగు వేశారు, బ్రిటిష్ రేసింగ్ గ్రీన్ అంటారే, అది అక్కడి నుంచి వచ్చిందే. ఫ్రాన్సుది నీలం, జర్మనీది తెలుపు. ఎరుపు ఇటలీది అనుకుంటాం కదా, ఆ ఏడు ఎర్రగా వచ్చినవి అమెరికా కార్లు.

గెలిచింది ఎవరు? మన ఎర్ర దెయ్యం జెనాట్జీ, జర్మన్ మెర్సిడెస్ నడిపి. దాని వెనకా కథ ఉంది. రేసుకోసం చేసిన 90 గుర్రాల శక్తి కార్లు జూన్‌లో ఫ్యాక్టరీ తగలబడి బూడిదయ్యాయి. అప్పటికే 60 గుర్రాల శక్తి కార్లు కొనుక్కున్న షావుకార్ల దగ్గరికి వెళ్లి, అయ్యా మీ కారు ఒకసారి ఇస్తారా అని అడిగి తెచ్చుకున్నారు. అప్పు తెచ్చిన కారుతో కప్పు కొట్టాడు. ఈ జెనాట్జీ నేను మెర్సిడెస్‌లోనే పోతాను అనేవాడట. 1913లో అడవిలో స్నేహితులతో వేటకెళ్లి, సరదాకి పొద వెనక నిలబడి అడవి పంది అరుపు అరిచాడు. స్నేహితుడు కాల్చాడు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది, ఆ కారు మెర్సిడెస్ అని చెబుతారు.

1904లో జర్మనీలో, వాళ్ల చక్రవర్తి కైజర్ ముందు, ఫ్రెంచి డ్రైవర్ లియోన్ తెరీ గెలిచాడు. 1905లో ఫ్రాన్సులో మళ్లీ తెరీయే. గెలుస్తున్నారు కదా, ఫ్రెంచివాళ్ల ఏడుపు ఏంటి? మూడు కార్ల రూలు. ఫ్రాన్సులో కార్లు చేసే కంపెనీలు కుప్పలు, 1904లో ఆ మూడు చోట్ల కోసం 29 కార్లు పోటీపడ్డాయి, అసలు రేసు కన్నా ఇంట్లో జరిగే ఈ ఎంపిక పోటీయే కష్టం. ఒకటో రెండో కంపెనీలున్న దేశానికీ మూడే, మాకూ మూడేనా అన్నారు. పైగా మెర్సిడెస్ వాళ్లు తెలివిగా ఆస్ట్రియాలో ఉన్న తమ ఫ్యాక్టరీ పేరుతో ఇంకో మూడు దించారు, జర్మనీ మూడు, ఆస్ట్రియా మూడు, ఆరూ మెర్సిడెస్‌లే. రూలు తప్పలేదు, కానీ చూసేవాడికి మండదా? ఫ్రెంచివాళ్లు ఒక లెక్క ముందుకు తెచ్చారు, మాకు 15, జర్మనీకీ ఇంగ్లండుకీ ఆరేసి, మిగతావాళ్లకి మూడేసి అని. ఎవరు ఒప్పుకుంటారు! అలాగైతే మీ కప్పు మీరే ఉంచుకోండి, మా రేసు మేం పెట్టుకుంటాం అన్నారు. దానికే గ్రాండ్ ప్రి అని పేరు, పెద్ద బహుమతి అని అర్థం. ఇప్పుడు టీవీలో మనం చూసే గ్రాండ్ ప్రి పేరు ఈ అలకలోంచి పుట్టింది.

1906 జూన్ 26, 27 తేదీల్లో, లె మాన్ ఊరి దగ్గర. ఒక్కో చుట్టు 103 కిలోమీటర్లు, రోజుకి ఆరు చుట్లు, రెండు రోజులు. దేశాల లెక్క లేదు, కంపెనీకి మూడు కార్లు. కారు బరువు వెయ్యి కిలోలు దాటకూడదు. దుమ్ము లేవకుండా రోడ్డుకి తారు పోశారు, బానే ఉంది, కానీ అది మండుటెండల కాలం, తారు కరిగి చక్రాలకంటుకుని వెనకవాడి మొహాన చిమ్మింది. దుమ్ము పోయి తారు వచ్చింది, కళ్లు మండిపోయి కొంతమంది నడపలేకపోయారు. ఇంకో రూలు, కారు మీద చెయ్యి వెయ్యాల్సింది డ్రైవరూ పక్కనున్న మెకానిక్కూ మాత్రమే. టైరు పోతే ఆ ఇద్దరే కత్తితో కోసి తీసి కొత్తది ఎక్కించాలి, పావుగంట పని. మిషెలిన్ వాళ్లు అప్పుడే రిమ్ముతో సహా ఊడొచ్చే చక్రం తెచ్చారు, ముందే గాలి కొట్టి పెట్టుకున్న రిమ్ముని బిగించుకుంటే చాలు, రెండు మూడు నిమిషాలు. కానీ దానికి బరువెక్కువ, వెయ్యి కిలోల గీత దగ్గరున్న కంపెనీలు వాడలేకపోయాయి. 1895లో జనం నవ్విన ఆ అన్నదమ్ములే చూడండి.

గెలిచింది రెనో కారు, నడిపినవాడు ఫెరెన్స్ సిస్, హంగరీ వాడు. లూయీ రెనో రేసులు నడిపే రోజుల్లో పక్కన కూర్చున్న మెకానిక్ ఇతను. అన్న పోయాక లూయీ మళ్లీ రేసు సీటులో కూర్చోలేదు, ఆ సీటు మెకానిక్‌కి వచ్చింది. 12 గంటలకు పైగా నడిపి, ఫియట్ కారు నడిపి రెండోవాడైన నత్సారో కన్నా 32 నిమిషాలు ముందొచ్చాడు. ముందొచ్చాడు, ప్రైజూ అతనికే వచ్చింది, ఈసారి! (నవ్వులు)

ఫ్రాన్సువాళ్ల ఆనందం ఏడాదే. 1907లో దియెప్‌లో పెడితే నత్సారో ఫియట్ గెలిచింది. 1908లో అక్కడే పెడితే లౌటెన్‌ష్లాగర్ మెర్సిడెస్ గెలిచింది. రూల్సు తమవి, రోడ్డు తమది, రేసు తమది, కప్పు ఇటలీకీ జర్మనీకీ పోతోంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఖర్చు ఎక్కువైపోయింది అన్నారు, కంపెనీలన్నీ చేతులెత్తేశాయి. 1909 నుంచి మూడేళ్లు గ్రాండ్ ప్రి జరగనే లేదు.

సరే, నా మాట అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. ఏమ్మా, చెప్పు.

(ఒక అమ్మాయి: సార్, అందరూ మగవాళ్ల పేర్లే చెప్పారు. ఆడవాళ్లెవరూ లేరా?)

ఉన్నారమ్మా, నేనే మరిచిపోయాను, తప్పు నాదే. కమీల్ దు గాస్ట్ అని ఒకావిడ. ఇందాక చెప్పిన పారిస్-మాడ్రిడ్ రేసులోనే ద దియెత్రిష్ కారు నడిపింది. చాలామందిని దాటి ముందుకు పోతూ, ఫిల్ స్టెడ్ అనే తోటి పోటీదారు కారు కింద నలిగి పడి ఉండటం చూసి ఆగిపోయింది. సాయం వచ్చేదాకా అతని దగ్గరే ఉండి, తర్వాత బయలుదేరి ఎక్కడో వెనక బోర్డో చేరింది. అతను బతికాడు. మరుసటి ఏడాది నుంచి ఫ్రాన్సులో ఆడవాళ్లని రేసుల్లోకి రానివ్వలేదు, కంగారుపడతారట. కంగారుపడింది ఎవరో మనకి తెలుసు. ఆవిడ ఇంట్లో కూర్చోకుండా మోటారు పడవల రేసుకెళ్లింది. 1905లో ఆల్జీర్స్ నుంచి తులోన్‌కి, మధ్యధరా సముద్రం అడ్డంగా. తుపాను వచ్చింది, పడవలు వరసగా మునిగాయి, ఆవిడ పడవా మునిగింది, అతి కష్టం మీద కాపాడారు. రెండు నెలల తర్వాత నిర్వాహకులు కూర్చుని లెక్కలు చూసి, అందరికన్నా ఎక్కువ దూరం వచ్చి మునిగింది ఈవిడే కాబట్టి గెలిచింది ఈవిడే అని ప్రకటించారు.